స్మియరింగ్, లెక్కలోనూ స్లైడు మీదా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మాట పట్టుకుని నా దగ్గరికి రెండు రకాల పిల్లలు వస్తుంటారు. ఒకరు లోహాల మీద డిఎఫ్‌టి (ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి పదార్థం శక్తిని లెక్కగట్టే పద్ధతి) లెక్కలు చేసే పిహెచ్‌డి వాళ్లు. "సిగ్మా ఎంత పెట్టమంటారు సార్?" అనేది వాళ్ల ప్రశ్న. సిగ్మా అంటే ఎంత పలచన చేయాలో చెప్పే అంకె. రెండోవాళ్లు మా అక్క దగ్గర పని నేర్చుకునే డిఎంఎల్‌టి (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలు. వాళ్ల స్మియర్ అంటే స్లైడు మీద పలచగా లాగిన రక్తపు పొర. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. ఇంటికి వచ్చినప్పుడు "స్మియర్ మందంగా వస్తోంది మేడమ్" అని ఆమెతో మొరపెట్టుకుంటుంటే పక్కన కూర్చుని వినేవాణ్ణి. పేరొక్కటే, పనులు వేరు అనుకున్నాను కొన్నాళ్లు. కానీ రెండు చోట్లా జరిగేది పలచన చేయడమే. చేయకపోతే చూడలేం, ఎక్కువ చేస్తే చూసింది నిజం కాదు. అందుకే రెండూ ఒక్కచోటే రాస్తున్నాను. నా పని లెక్కలు కాబట్టి ఆ భాగమే పెద్దది. స్లైడు ముచ్చట్లన్నీ అక్క చెప్పినవి.

లోహాల లెక్కకు అసలు స్మియరింగ్ ఎందుకు?

చెరువు విస్తీర్ణం కొలవాలని చుట్టూ సమదూరంలో కర్రలు పాతారనుకోండి. నీళ్లలో ఉన్న కర్రలెన్నో లెక్కపెట్టి, ఒక్కో కర్రకు ఇంత నేల అని గుణిస్తే విస్తీర్ణం వస్తుంది. ఒడ్డున ఉన్న కర్రలతోనే తంటా. నీటిమట్టం వేలెడు పెరిగితే నాలుగు కర్రలు ఒక్కసారిగా లోపలికి వచ్చేస్తాయి, విస్తీర్ణం గెంతుతుంది. వేలెడు తగ్గితే మళ్లీ వెనక్కి. కర్రలు లక్ష పాతితే ఈ బాధ ఉండదు, కానీ లక్ష ఎవరు పాతుతారు?

లోహంలో ఆ ఒడ్డే ఫెర్మీ తలం. దాని కింద స్థాయిలన్నీ నిండు, పైన అన్నీ ఖాళీ. కర్రలు మనం తీసుకునే కే-పాయింట్లు, అంటే ఎలక్ట్రాన్ స్థాయిలను లెక్కించే నమూనా బిందువులు. 1976లో మాంక్‌హార్స్ట్, ప్యాక్ చెప్పిన జాలీనే ఇప్పటికీ అందరం వాడుతున్నాం. ఫెర్మీ స్థాయికి అతి దగ్గరగా ఉన్న ఒక స్థాయి లెక్కలోని ఈ ఆవృత్తిలో (విడతలో) నిండి, తర్వాతి ఆవృత్తిలో ఖాళీ అయిందంటే ఎలక్ట్రాన్ సాంద్రత మారుతుంది. దాంతో పొటెన్షియల్ మారుతుంది, ఆ స్థాయి మళ్లీ కిందికి దిగుతుంది. రాత్రంతా కంప్యూటర్ ఇదే ఊయల ఊగుతుంది. స్మియరింగ్ చేసేదల్లా ఒడ్డును ఏటవాలు చేయడం. ఒడ్డు దగ్గరి కర్రకు "తడి, పొడి" అనే రెండు జవాబులే కాకుండా 0.7 తడి, 0.2 తడి అనే జవాబులు కూడా ఇవ్వనిస్తాం. అప్పుడు మట్టం కొంచెం కదిలితే విస్తీర్ణమూ కొంచెమే కదులుతుంది.

విద్యుద్బంధకాల్లో, అర్ధవాహకాల్లో నిండు స్థాయిలకూ ఖాళీ స్థాయిలకూ మధ్య అంతరం ఉంటుంది. అంటే ఒడ్డు దగ్గర కర్రలే లేవు. అక్కడ స్మియరింగ్ అవసరం ఉండదు.

సిగ్మా అంటే ఉష్ణోగ్రతేనా? ఎలక్ట్రాన్లను నిజంగా వేడి చేస్తున్నామా?

ఫెర్మీ-డిరాక్ పద్ధతి ఎంచుకుంటే అవును. ఎలక్ట్రాన్లు ఒక ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు డిఎఫ్‌టి ఎలా ఉండాలో మెర్మిన్ 1965లోనే చూపించారు. సిగ్మాను బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో భాగిస్తే ఉష్ణోగ్రత వస్తుంది. 0.1 ఎలక్ట్రాన్ వోల్టు అంటే దాదాపు 1160 కెల్విన్. 0.2 పెడితే 2300 దాటుతుంది. అల్యూమినియం కరిగేది 933 కెల్విన్ దగ్గర! అయినా మీ అల్యూమినియం కరగదు, ఎందుకంటే వేడెక్కింది ఎలక్ట్రాన్లే, పరమాణు కేంద్రకాలు కదలకుండా ఉన్నాయి. గది ఉష్ణోగ్రత విలువ 0.026 మాత్రమే. దాన్ని నిజాయితీగా వాడాలంటే కే-పాయింట్లు విపరీతంగా కావాలి.

మిగతా పద్ధతుల్లో సిగ్మాకు ఉష్ణోగ్రత అనే అర్థమే లేదు, అది గణిత సౌకర్యం కోసం పెట్టుకున్న వెడల్పు. గాసియన్ సిగ్మాను కెల్విన్‌లోకి మార్చి థీసిస్‌లో "ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత" అని రాసిన వాళ్లను చూశాను. దయచేసి రాయకండి.

ఇన్ని రకాలున్నాయి కదా, తేడా ఏమిటి?

ఫెర్మీ-డిరాక్ వక్రానికి తోకలు పొడవు. దాంతో చాలా ఖాళీ బ్యాండ్లు (స్థాయిల పట్టీలు) కలుపుకోవాల్సి వస్తుంది. గాసియన్‌ను ఫూ, హో 1983లో లోహాల లెక్కలకు వాడారు. దాని తోకలు త్వరగా చచ్చిపోతాయి. ఈ రెండింటిలోనూ శక్తిలో వచ్చే లోపం సిగ్మా వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

ఆ వర్గపు లోపాన్నే ఎందుకు తీసేయకూడదు అనేది 1989లో మెథ్‌ఫెసెల్, పాక్స్‌టన్ వేసిన ప్రశ్న. వాళ్లు గాసియన్‌కు హెర్మైట్ బహుపదులు జోడించి దాన్ని తీసేశారు. ఆ వరుసలో సున్నా క్రమం అంటే మామూలు గాసియనే. వాస్ప్ అనే డిఎఫ్‌టి ప్రోగ్రాంలో ఐస్మియర్ (పద్ధతిని ఎంచుకునే సెట్టింగు) 0 అంటే గాసియన్, 1 అంటే మొదటి క్రమం మెథ్‌ఫెసెల్-పాక్స్‌టన్ అని ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైందా? దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. ఆక్రమణ సంఖ్య, అంటే ఒక స్థాయి ఎంత నిండిందో చెప్పే అంకె, కొన్నిచోట్ల సున్నా కిందికి, కొన్నిచోట్ల ఒకటి పైకి పోతుంది. మైనస్ ఎలక్ట్రాన్! 1999లో మర్జారి, వాండర్‌బిల్ట్, డి వీటా, పేన్ తెచ్చిన "కోల్డ్ స్మియరింగ్" వర్గపు లోపాన్ని తీసేస్తూనే ఆక్రమణను సున్నా కిందికి పోనివ్వదు. అల్యూమినియం ఉపరితలం వేడికి ఎలా ప్రవర్తిస్తుందో చూసే పనిలో భాగంగా వాళ్లు దాన్ని తయారుచేశారు.

లోహాలకు నా ఓటు కోల్డ్ స్మియరింగ్‌కే. మొదటి క్రమం మెథ్‌ఫెసెల్-పాక్స్‌టన్ వాడినా ఎవరూ తప్పు పట్టరు.

సరే, సిగ్మా ఎంత పెట్టాలి?

అందరూ ఒక అంకె చెప్పమంటారు. చెబుతాను, కానీ అంకె కంటే ముందు ఒక సంగతి. సిగ్మా ఒంటరిది కాదు, కే-పాయింట్లతో దానికి జత కుదరాలి. కర్రలు దగ్గరగా ఉంటే ఒడ్డు కొంచెం ఏటవాలైతే చాలు. దూరంగా ఉంటే ఎక్కువ వాలు కావాలి. కాబట్టి ముందు ఒక సిగ్మా పట్టుకుని, శక్తి కదలడం మానేదాకా కే-పాయింట్లు పెంచండి. తర్వాత సిగ్మా సగం చేసి అదే మళ్లీ చేయండి. సిగ్మా తగ్గేకొద్దీ మరింత గుబురు జాలీ కావాల్సి రావడం మీ కళ్లతో మీరే చూస్తారు. ఒక్క మధ్యాహ్నం పని. ఎవరో పేపర్‌లో పెట్టిన విలువను ఎత్తుకొచ్చి పెట్టుకుంటే ఆ మధ్యాహ్నం మిగులుతుంది గానీ, వైవాలో పోతుంది.

వాస్ప్‌లో లోహాల రిలాక్సేషన్‌కు (పరమాణువులను నిలకడ స్థానాలకు జరిపే లెక్కకు) మెథ్‌ఫెసెల్-పాక్స్‌టన్ మొదటి క్రమం, 0.2 ఎలక్ట్రాన్ వోల్టు మామూలుగా చెప్పే మాట. ఎంట్రోపీ పదం ఒక్కో పరమాణువుకు 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు దాటకూడదు అనేది దాని పక్కన ఉండే షరతు. అవుట్‌కార్ అనే ఫలితాల ఫైల్లో ఆ పదం కనిపిస్తుంది, పరమాణువుల సంఖ్యతో భాగించుకోండి. పదార్థం లోహమో కాదో ఇంకా తెలియకపోతే గాసియన్, 0.05 సురక్షితం.

రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, పద్ధతి మారితే అదే అంకెకు అదే అర్థం ఉండదు. ఫెర్మీ-డిరాక్ 0.1, గాసియన్ 0.1 సమానం కావు. రెండు వక్రాల వ్యాప్తిని సరిపోల్చితే ఫెర్మీ-డిరాక్ 0.1కి సాటి వచ్చే గాసియన్ సిగ్మా దాదాపు 0.26. రెండోది ప్రమాణాలు. క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే మరో ప్రోగ్రాంలో డీగాస్ (అక్కడ సిగ్మా పేరు) విలువ రిడ్‌బర్గ్‌లలో ఉంటుంది. ఒక రిడ్‌బర్గ్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. వాస్ప్ అలవాటుతో అక్కడ 0.2 కొడితే మీరు పెట్టింది 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు! లెక్క మాత్రం బ్రహ్మాండంగా, నాలుగే ఆవృత్తుల్లో ముగిసిపోతుంది. నేను చేశాను కాబట్టే తెలుసు. వారం రోజులు ఆ ఫలితాలకు వివరణలు కూడా అల్లాను.

అవుట్‌పుట్‌లో మూడు రకాల శక్తులు కనిపిస్తున్నాయి. ఏది రాసుకోవాలి?

స్మియరింగ్ వచ్చిందంటే ఎంట్రోపీ వచ్చినట్టే. శక్తి ఒకటి, అందులోంచి ఎంట్రోపీ పదం తీసేస్తే వచ్చే స్వేచ్ఛా శక్తి ఒకటి. సిగ్మా పెరిగేకొద్దీ మొదటిది పైకి, రెండోది కిందికి దాదాపు సమానంగా జరుగుతాయి. అందుకని ఫెర్మీ-డిరాక్, గాసియన్ పద్ధతుల్లో రెండింటి సగటు సిగ్మా సున్నా దగ్గరి విలువకు చాలా దగ్గరగా వస్తుంది. "సిగ్మా సున్నాకు" అని పక్కన రాసి ఉండే మూడో అంకె అదే. పదార్థాల శక్తులు పోల్చడానికి దాన్నే తీసుకోండి.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. పరమాణువుల మీద బలాలు ఆ సగటుకు అవకలనాలు కావు, స్వేచ్ఛా శక్తికి అవకలనాలు. పరమాణువును అటూ ఇటూ జరిపి, శక్తుల తేడాతో బలాన్ని సరిచూసుకునే వాళ్లు సగటును పెట్టుకుని "కోడ్ తప్పు" అంటుంటారు. స్వేచ్ఛా శక్తితో చూడండి, సరిపోతుంది.

అర్ధవాహకానికి మెథ్‌ఫెసెల్-పాక్స్‌టన్ పెడితే ఏమవుతుంది?

చెడుతుంది. అంతరం చిన్నదై సిగ్మా పెద్దదైతే వక్రం వంపులు అంతరం అంచుల మీద పడి, ఆక్రమణలు అర్థంలేని విలువలు తీసుకుంటాయి. ఎంట్రోపీ పదం చిన్నగానే కనిపించి ధైర్యం చెబుతుంది కూడా. వాస్ప్‌లో ఏమీ రాయకుండా వదిలేస్తే వచ్చేది ఇదే, ఐస్మియర్ 1, సిగ్మా 0.2. సిలికాన్‌తో మొదలుపెట్టే కొత్తవాళ్లంతా ఈ గోతిలోంచే నడుస్తారు. క్వాంటమ్ ఎస్ప్రెస్సోది తిరగేసిన కథ. ఏమీ చెప్పకపోతే అది పదార్థాన్ని బంధకం అనుకుంటుంది. ఎలక్ట్రాన్లు బేసి సంఖ్యలో ఉంటే ఆగి గోల చేస్తుంది, సరి సంఖ్యలో ఉన్న లోహమైతే నోరు మెదపదు.

టెట్రాహెడ్రన్ పద్ధతి వీటన్నిటికంటే మేలట కదా?

డెన్సిటీ ఆఫ్ స్టేట్స్ (ఏ శక్తి దగ్గర ఎన్ని స్థాయిలున్నాయో చూపే వక్రం) గీయడానికి, చివరి కచ్చితమైన శక్తికి మేలే. కే-పాయింట్ల మధ్య ఖాళీని చతుర్ముఖులుగా కోసి లోపల స్థాయి ఎలా మారుతుందో అంచనా కట్టే పద్ధతి అది. బ్లోకల్, జెప్సెన్, ఆండర్సన్ 1994లో దిద్దిన రూపమే ఇప్పుడు వాడుకలో ఉంది. లోహాల్లో మాత్రం దీని బలాలు నమ్మదగినవి కావు, 5 నుంచి 10 శాతం దాకా తేడా రావచ్చని వాస్ప్ మాన్యువలే హెచ్చరిస్తుంది. కాబట్టి రిలాక్సేషన్‌కు స్మియరింగ్, అది ముగిశాక ఒక్కసారి టెట్రాహెడ్రన్.

లెక్క కన్వర్జ్ కాలేదు (ఒక విలువ దగ్గర నిలవలేదు), సిగ్మా పెంచితే అయింది. అక్కడితో వదిలేయొచ్చా?

ఈ పేజీలో నేను నిజంగా చెప్పదలుచుకున్నది ఈ జవాబులోనే ఉంది. సిగ్మా పెంచడం నొప్పి మాత్ర లాంటిది. నొప్పి పోతుంది. ఎందుకు వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఇనుము తీసుకోండి. పరమాణువుకు 2.2 బోర్ మాగ్నెటాన్ల అయస్కాంతత్వం ఉంది. ఫెర్మీ స్థాయి దగ్గర పైముఖం, కిందిముఖం స్పిన్‌ల స్థాయిల తేడా వల్ల వచ్చిందది. ఒడ్డును మరీ ఏటవాలు చేస్తే ఆ తేడాను మీరే చెరిపేస్తున్నారు. అయస్కాంత భ్రామకం బలహీనంగా ఉన్న పదార్థాల్లో అది పూర్తిగా మాయమై "అయస్కాంతం కాదు" అనే ఫలితం వచ్చి కూర్చుంటుంది.

టైటానియం డైసెలెనైడ్ కథ ఇంకా చిత్రమైనది. దాదాపు 200 కెల్విన్ కింద అందులో ఛార్జ్ డెన్సిటీ వేవ్ (ఎలక్ట్రాన్ సాంద్రతలో ఒక అల) పుడుతుంది, పరమాణువులు కొత్త వరుసలోకి జరుగుతాయి. ఫోనాన్ (పరమాణువుల కంపనాల) లెక్కలో అది ఊహాత్మక పౌనఃపున్యంగా, అంటే ఆ అమరిక నిలవదనే గుర్తుగా, కనిపించాలి. సిగ్మా చిన్నగా ఉంటే కనిపిస్తుంది. పెంచుతూ పోతే ఆ ఫోనాన్ గట్టిపడి మామూలైపోతుంది, స్ఫటికం నిలకడగా ఉన్నట్టు తేలుతుంది. కొందరు దీన్నే ఉపయోగించుకుని, ఫెర్మీ-డిరాక్ సిగ్మాతో పరివర్తన ఉష్ణోగ్రతను అంచనా వేస్తారు. పరమాణువుల కంపనాన్ని వదిలేసిన లెక్క కాబట్టి ఆ అంచనా సాధారణంగా అసలు దానికంటే బాగా ఎక్కువే వస్తుంది. ఏ సిగ్మాతో చేశారో రాయని ఫోనాన్ బొమ్మను నేనైతే పక్కన పెట్టేస్తాను.

లాటిస్ క్యూసీడీలో స్మియరింగ్ అంటే ఇదేనా?

కాదు. క్వార్కుల మధ్య బలాన్ని జాలీ మీద లెక్కించే విద్య అది. అక్కడ పలచన చేసేది ఆ బలాన్ని మోసే గేజ్ క్షేత్రాన్ని. ఒక్కో లంకెను చుట్టుపక్కల లంకెలతో కలిపి సగటు చేస్తారు, అతి చిన్న దూరాల అలజడి అణగుతుంది. 1987 నాటి ఏప్ స్మియరింగ్ మొదటి తరం. 2004లో మార్నింగ్‌స్టార్, పియర్డన్ తెచ్చిన స్టౌట్ స్మియరింగ్‌కు అవకలనం చేయగలిగే గుణం ఉండడంతో దాన్ని సిమ్యులేషన్ లోపలే వాడుకోవచ్చు. నా పరిధి ఇంతవరకే.

ఇక స్లైడు సంగతి. రక్తాన్ని అంత పలచగా ఎందుకు లాగాలి?

ఒక మైక్రోలీటరు రక్తంలో దాదాపు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. చుక్కను అలాగే సూక్ష్మదర్శిని కింద పెడితే ఎర్రటి చీకటి. కణం పక్కన కణం, ఒక్క పొరలో, అంచులు ఒరుసుకోకుండా పరుచుకుంటే తప్ప వాటి ఆకారం తెలియదు. స్లైడంతా అలా రాదు, రానక్కర్లేదు. మందంగా మొదలై తోక దగ్గరికి వచ్చేసరికి ఈకలా పలచబడాలి. తోకకు కొంచెం ముందుండే పొర మీదే చదవాలి. మందపు భాగంలో కణాలు నాణేల దొంతరలా కనిపిస్తాయి, దాన్ని చూసి జబ్బు అనుకోకూడదు. మరీ తోకలో ఎర్రకణాలు మధ్యనుండే తెల్లటి చుక్కను పోగొట్టుకుని గుండ్రని బిళ్లల్లా కనిపిస్తాయి. అదీ జబ్బు కాదు, చదవకూడని చోట చదవడం.

స్మియర్ మందంగా వస్తోంది, లేదా పొట్టిగా ఆగిపోతోంది. ఏం చేయాలి?

చుక్క 2, 3 మిల్లీమీటర్లు మించకుండా పెట్టండి. స్ప్రెడర్ స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో చుక్క వైపు వెనక్కి తెచ్చి, రక్తం అంచు పొడవునా పాకేదాకా ఆగి, ఆగకుండా ఒక్క ఊపున ముందుకు తోయండి. వాలు పెరిగితే స్మియర్ మందం, పొట్టి. తగ్గితే పలచన, పొడవు. అక్క దీన్ని పిండితో చెబుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ల రక్తం జారుడు పిండి, వాలు పెంచి చురుగ్గా తోయాలి. ఎర్రకణాలు ఎక్కువున్న రక్తం గట్టి పిండి, వాలు తగ్గించాలి. పెనానికి నూనె కావాలి గానీ స్లైడుకు జిడ్డు పనికిరాదు. వేలిముద్ర తగిలినా స్మియర్‌లో చిల్లులు పడతాయి.

ఎర్రకణాల్లో మెరిసే వలయాలు కనిపిస్తే రోగిని అనుమానించే ముందు మెథనాల్ సీసాను అనుమానించండి. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన మెథనాల్ చేసే పని అది.

మలేరియాకు రెండు రకాల స్మియర్లు ఎందుకు తీస్తారు?

మందపుది వెతకడానికి, పలచనిది పోల్చుకోవడానికి. మందపు చుక్కను మెథనాల్‌తో స్థిరపరచరు. రంగు ద్రావణంలోని నీటికి ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ కొట్టుకుపోతుంది, పరాన్నజీవులు, తెల్లకణాలు మిగులుతాయి. ఎన్నో పొరల రక్తాన్ని ఒకేసారి వెతికినట్టు. ఆరక ముందు దాని కింద దినపత్రిక పెడితే అక్షరాలు కష్టం మీద చదవగలగాలి, అది సరైన మందం. పలచని దానిలో ఎర్రకణం చెక్కుచెదరదు కాబట్టి ఏ జాతో తెలుస్తుంది. వైవాక్స్ అయితే కణం ఉబ్బి, లోపల సన్నటి చుక్కలు. ఫాల్సిపారం అయితే కణం పెరగదు, ఒక్కో కణంలో రెండు మూడు ఉంగరాలు, అరటిపండు ఆకారంలో గామెటోసైట్లు (పరాన్నజీవి లైంగిక దశ కణాలు). మందు, తొందర రెండూ జాతిని బట్టి మారతాయి. మన మలేరియా కార్యక్రమంలో తరతరాలుగా వాడిన జేఎస్‌బీ రంగు జస్వంత్ సింగ్, భట్టాచార్జీ పేర్లతో వచ్చిన స్వదేశీ సరుకే.

సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది కూడా ఇలాంటి రక్తపు స్మియర్‌లోనేనా అని పిల్లలు అడుగుతారు. కాదు. రక్తంలో పరాన్నజీవిని లావెరాన్ 1880లోనే అల్జీరియాలో చూశారు, అదీ రంగు వేయని తాజా రక్తంలో. రాస్ 1897 ఆగస్టు 20న చూసింది, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

మెషీన్ కౌంట్ ఇచ్చేసింది. మళ్లీ స్మియర్ చూడాలి అంటారేమిటి?

ఇది రోగుల బంధువులు అడిగే ప్రశ్న, ఎక్కువగా డెంగీ రోజుల్లో. మెషీన్ ప్లేట్‌లెట్లను పరిమాణాన్ని బట్టి లెక్కిస్తుంది. కొందరి రక్తంలో, ట్యూబులో గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి. గుంపు మొత్తం మెషీన్‌కు ఒక పెద్ద కణం, అంటే ప్లేట్‌లెట్ కాదు. రిపోర్టులో ఇరవై వేలని వస్తుంది, ఇంట్లో ఏడుపులు, రక్తదాతల కోసం వాట్సాప్ మెసేజ్‌లు. ఒంట్లో మాత్రం ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉంటాయి. డెంగీలో నిజంగా పడిపోవడమూ మామూలే కాబట్టి ఊహించి చెప్పే వీల్లేదు, స్లైడు చూడాల్సిందే. గుంపులు పెద్దవి కాబట్టి స్మియర్ తోక దాకా కొట్టుకుపోతాయి. అందుకే కణాల ఆకారం కోసం చదవొద్దన్న ఆ తోకనే ఈ ఒక్క పనికి ముందు చూడాలి. గుంపులు కనిపిస్తే సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కిస్తారు. సిట్రేట్ ద్రావణం తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు కలుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. ఆ గుణకారం మర్చిపోయిన రిపోర్టులు కూడా అక్క చేతికి వస్తుంటాయి.